మంచి కేసు

ఛాతీ మధ్య కుట్టు మానింది. దగ్గినప్పుడూ, ఆటో గతుకులో పడినప్పుడూ మాత్రం లోపల ఎముక ఇంకా కలుక్కుమంటుంది. కొవ్వూరులో మా ఎరువుల కొట్టులో కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. బస్తా మీద చెయ్యి వేసే పని నాకిక లేదు కాబట్టి కూర్చోవడానికి తీరిక దొరికింది.

రాయొద్దని మా ఆవిడ లలిత చెప్పింది. జరిగిందేదో జరిగింది, చదువుకున్న పిల్ల బతుకు బజారున పెట్టొద్దు అంది. ఆ మాటా నిజమే. అందుకని ఆ డాక్టరమ్మాయి అసలు పేరు ఇక్కడ ఉండదు. హారిక అని రాస్తాను. ఆసుపత్రి పేరు కూడా రాయను. మాకు గోదావరి అవతల ఉంది, డాక్టర్లని తయారుచేసే ఆసుపత్రి. అంతవరకు తెలిస్తే చాలు. నా పేరు మాత్రం మార్చలేదు. నేను చేసింది నా పేరు మీదే ఉండాలి.

శ్రావణం

మొదట చూసింది లలితే. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "మీ తల ఊగుతోందేంటండీ?" అంది. ఊగడం లేదన్నాను. పెరుగు గిన్నె పక్కన పెట్టి, నా గడ్డం కింద వేలు ఆనించి చూపించింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల చిన్నగా ముందుకు వెళ్ళి వస్తోంది. మెడ పక్కన నరాలు చొక్కా కాలరుని తోస్తున్నాయి.

నాట్ల రోజులు కావడంతో కొట్టు నిండా మనుషులు. వాళ్ళకి ఇదొక వేళాకోళం అయింది. "మూర్తిగారు ఎంతకడిగినా సరేనని తల ఊపుతున్నార్రా, ఇప్పుడే కొనేసుకోండి" అని ఒకాయన అంటే, అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వాక ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

ఎడమవైపు తిరిగి పడుకుంటే మంచం అదురుతున్నట్టుండేది. వెల్లకిలా పడుకుంటే గాలి చాలేది కాదు. తలగడ మీద తలగడ చేరింది. వినాయక చవితి వచ్చేసరికి దాదాపు కూర్చునే నిద్రపోతున్నాను. స్టేషనులో మెట్ల వంతెన ఎక్కాల్సి వస్తే సగంలో ఆగి, కమ్మీ పట్టుకుని, ఎవరి కోసమో చూస్తున్నట్టు నటించేవాణ్ణి.

మా వీధి చివర ఒక పెద్ద డాక్టరు గారు ఉన్నారు. మా నాన్న కాలం నుంచి మా ఇంటికి ఆయనే డాక్టరు. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఎకో పరీక్ష చేయించుకు రమ్మని, ఆ కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గుండెలో కవాటం పాడైంది. మార్పించుకోవాలి. విశాఖపట్నం వెళ్ళు."

"ఎప్పుడండీ?"

"ఎప్పుడేంటి? వెళ్ళమంటున్నాను కదా."

ఎందుకు పాడైంది, మార్చడమంటే ఏం చేస్తారు, మందులతో తగ్గదా అని అడిగాను. నీకు చెప్తే అర్థమవుతుందా, నా టైము పోవడం తప్ప, అంటూ తరవాతి మనిషిని పిలిచారు. గుమ్మం దగ్గర బెంచీ మీద మా కొట్టుకి వచ్చే రైతులే కూర్చుని ఉన్నారు. వాళ్ళు విన్నారు. నేను బీఎస్సీ చదివినవాణ్ణి. ఇంటికి వస్తూ దారి పొడుగునా నా గుండె గురించి ఆలోచించలేదు, ఆ మాట గురించే ఆలోచించాను.

కార్తీకం

విశాఖపట్నం వెళ్ళేముందు ఇంకొకరికి చూపించుకుంటే తప్పేముందని, దసరా వెళ్ళాక వంతెన దాటి ఆ ఆసుపత్రికి వెళ్ళాం. పేర్లు పిలిచే హాలులో కూర్చోవడానికి చోటు లేదు. నా వాలకం చూసి, కడుపుతో ఉన్న ఒకమ్మాయి లేచి బెంచీ ఇచ్చింది. వద్దన్నాను. "నాకు నిలబడితేనే బాగుంటుందండి, కూర్చోండి" అంది. ఆ అబద్ధం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఆసుపత్రిలో నాతో ఎవరైనా ఆడిన అబద్ధాల్లో మంచిది అదొక్కటే.

వార్డులో చేర్చుకున్నారు. అక్కడే హారిక పరిచయమైంది. ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ చదువుతోంది, చివరి సంవత్సరం. భీమవరం పిల్ల. మిగతా డాక్టర్లు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఫైలుతో మాట్లాడేవారు. ఈమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"బాబాయ్ గారూ, కాలవ మీద లాకు తలుపులు చూశారు కదండీ?" అంది.

"కాలవ గట్టు మీద పెరిగినవాణ్ణి, చూడకపోవడమేంటమ్మా?"

"మీ గుండెకీ అలాంటి తలుపే ఉంటుందండి. రక్తం బయటికి వెళ్ళాక అది మూసుకోవాలి. మీది సరిగ్గా మూసుకోవడం లేదు. వెళ్ళిన నీరు వెనక్కొచ్చేస్తోంది. వచ్చిన నీటిని మళ్ళీ తోయాలి, కొత్త నీటినీ తోయాలి. అందుకే మీ తల కూడా ఊగుతోంది."

మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. నా వేలు తీసుకుని గోరు కొస మెల్లగా నొక్కింది. గోరు కింద ఎరుపూ తెలుపూ కలిసే గీత గుండెతో పాటు ముందుకీ వెనక్కీ జరగడం నా కళ్ళతో నేను చూశాను. చెయ్యి పైకెత్తి పట్టుకుంటే నాడి ఎలా కొడుతుందో చూపించింది. ఉప్పు ఎందుకు తగ్గించాలో, కాళ్ళు వాస్తే దేనికి గుర్తో చెప్పింది. చెప్పినవన్నీ మళ్ళీ నా చేత చెప్పించుకుంది. తప్పు చెప్తే నవ్వి సరిదిద్దింది. నా ఒళ్ళు నాకు మొదటిసారి ఎవరో అప్పజెప్పినట్టనిపించింది.

పొద్దున్నే వాళ్ళ ప్రొఫెసరు గారు పీజీలందరినీ వెంటేసుకుని వచ్చారు. నన్ను కూర్చోబెట్టి, చొక్కా తీయించి, మెడ చూపించి, ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయారు. చివర హారిక వైపు తిరిగి, మంచి కేసు, ఇతన్ని ఉంచండి అన్నారు. నాకు ఇంగ్లీషు వచ్చు. మంచి అన్న మాట విన్నాను. ఉంచండి అన్న మాట కూడా విన్నాను. రెండోదాని గురించి ఆలోచించలేదు.

ఆపరేషన్ సంగతి నేనే అడిగాను. హారిక కొంచెం ఆగి జవాబిచ్చింది. "చేయించాలండి, తప్పకుండా చేయించాలి. తొందరేం లేదు. ముందు మందులతో గుండెని కుదుటపడనిద్దాం. ఎప్పుడు వెళ్ళాలో నేనే చెప్తాను కదా, ఏం కాదు."

ఇంటికొచ్చి లలితకి లాకు తలుపుల కథంతా చెప్పాను. బొమ్మ కూడా గీశాను. ఆమె విని, "మరి మన పెద్ద డాక్టరు గారు వెంటనే వెళ్ళమన్నారు కదండీ?" అంది.

"ఆయనకి చెప్పడం రాదు."

"చెప్పడం రాకపోతే జబ్బు తెలియదా?"

నీకు తెలియదులే అన్నాను. ఆ పెద్దాయన నాతో మాట్లాడినట్టే నేను ఆమెతో మాట్లాడాను. తరవాత కూడా రెండు మూడుసార్లు అడిగి చూసింది. చివరిసారి నేను కంచం ముందునుంచి లేచిపోయాను. ఆ తరవాత అడగడం మానేసింది. తలగడలు మాత్రం ఎత్తుగా పేర్చి పెట్టేది.

మాఘం

పీజీలకి క్లాసు ఉన్నప్పుడల్లా ఫోను వచ్చేది. వెళ్ళి కొన్నాళ్ళు వార్డులో ఉండేవాణ్ణి. కుర్రడాక్టర్లు ఒకరి తరవాత ఒకరు గొట్టాలు పెట్టి వినేవారు. కొత్తవాళ్ళకి శబ్దం దొరక్కపోతే, ముందుకు వంగి ఊపిరి వదిలి బిగబట్టేవాణ్ణి. అలా చేస్తే బాగా వినిపిస్తుందని హారిక నేర్పింది. "బాబాయ్ గారు మాకు సగం ప్రొఫెసరండి" అనేది. ఆమె కోసం లలిత చేత పూతరేకులు తెప్పించి పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయాసం తగ్గిందా అని ఎవరైనా అడిగితే తగ్గిందనేవాణ్ణి. నిజానికి తగ్గలేదు. తగ్గలేదంటే హారిక చిన్నబుచ్చుకుంటుందని తగ్గిందన్నాను. పేషెంటు డాక్టరుని సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పడమేంటని మీకనిపించవచ్చు. వార్డులో పడుకుని చూస్తే తెలుస్తుంది.

రోగులకి జబ్బు గురించి వివరించి చెప్పడం కూడా పీజీల చదువులో భాగమట. వారానికోసారి హారిక వార్డు మధ్యలో నిలబడి చెప్పేది. గుండె జబ్బుల రోజున నన్ను పక్కన నిలబెట్టుకునేది. ఉప్పు గురించీ, మాత్రలు మానకూడదనే సంగతీ నేను చెప్పేవాణ్ణి. కొట్టులో పురుగుమందు ఎలా కలపాలో రైతులకి చెప్పి చెప్పి ఉన్న గొంతు కదా, బాగా పలికేది. అందరూ వినేవారు.

అప్పుడే సత్తిబాబు చేరాడు. పట్టిసీమ దగ్గర ఊరు, నా సగం వయసు ఉంటుంది. గోదావరి మధ్య లంక భూముల్లో కూరగాయలు పండిస్తాడు. అతనిదీ కవాటమే, కాకపోతే నాది మూసుకోదు, అతనిది తెరుచుకోదు. తొడ నుంచి తీగ పంపి బుడగతో వెడల్పు చేస్తారట. భార్య దుర్గ వెంట ఉండేది. వాళ్ళ బంధువులెవరో విశాఖపట్నంలో ఉన్నారు, వచ్చేయమంటున్నారు. శివరాత్రికి ఊరెళ్ళి వీరభద్రుడి తీర్థం చూసుకుని, అటునుంచి అటే వెళ్ళిపోవాలని వాళ్ళ ఆలోచన.

హారిక నన్ను వరండాలోకి పిలిచింది. "సత్తిబాబు వెళ్ళిపోతానంటున్నాడండి. పరీక్షలైపోతే మేమే పంపిస్తాం కదా. మీరు చెప్తే వింటాడు, బాబాయ్ గారూ."

పరీక్షలనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఎండీ పరీక్షల్లో నిజమైన రోగుల్ని చూపించి జవాబు అడుగుతారనీ, అందుకు గుర్తులు బాగా తెలిసే రోగులు కావాలనీ చెప్పింది. నేనూ, సత్తిబాబూ అందులో ఉన్నామంది. నాకు అనుమానం రావలసిన చోటు అదే. అనుమానం రాలేదు, గర్వం వచ్చింది.

సత్తిబాబు మంచం మీద కూర్చున్నాను. కొట్టులో లేని సరుకు కోసం వచ్చిన రైతు వేరే కొట్టుకి పోకుండా ఆపడానికి నా దగ్గరొక గొంతు ఉంది. తొందరపడకూడని పనికి తొందరపడతారేంటి అన్నట్టు మాట్లాడతాను. ఆ గొంతుతోనే చెప్పాను. ఇక్కడ మనల్ని ఇంత బాగా చూసుకుంటున్నారు, పెద్ద పెద్ద డాక్టర్లు బయటినుంచి వచ్చి చూస్తారు, అంతకంటే ఏం కావాలి అన్నాను. సత్తిబాబు వింటూ ఉండిపోయాడు. దుర్గే అడిగింది.

"ఏం కాదు కదండీ?"

"ఏం కాదమ్మా. నన్ను చూడు."

"మరయితే ఉంటాం లెండి. మీకు తెలుసు కదా" అంది. వాళ్ళు శివరాత్రికి ఊరెళ్ళలేదు.

చైత్రం

ఉగాది దాటాక పరీక్షలు. ముందు వారమంతా హారిక నాకు పాఠం చెప్పింది. ఎవరైనా అడిగితే ముందు ఆయాసం చెప్పాలి, తరవాత పడుకుంటే వచ్చే ఆయాసం, ఆ తరవాత గుండెదడ. మధ్యలో కొట్టు సంగతులు దూర్చకూడదు. జబ్బు పేరు నేను చెప్పకూడదు. కవాటం పాడవడానికి మూలమైన నా చిన్నప్పటి కీళ్ళ నొప్పుల సంగతి, అడిగితేనే చెప్పాలి. అప్పజెప్పించుకుని, "పాసు, బాబాయ్ గారూ" అంది.

ఆ రోజు రోగులందరికీ గడ్డాలు గీయించి, ఉతికిన దుప్పట్లు వేసి, ఉప్మా పెట్టి, హాలులో తెరల మధ్య మంచాల మీద కూర్చోబెట్టారు. సత్తిబాబు నా పక్క తెరలోనే. తెర సందులోంచి నన్ను చూసి, "మూర్తిగారూ, మనకేనా ఇంత మర్యాద, అల్లుళ్ళలా ఉన్నామండి" అన్నాడు. ఏ రోగి ఏ పీజీకన్నది చీటీలు తీశారన్నారు. నేను హారికకే పడ్డాను. చీటీలు నిజంగా తీశారో లేదో నాకు తెలియదు.

ఆమె వచ్చి ఎన్నడూ చూడనట్టు, "మీ పేరేంటండీ?" అని మొదలుపెట్టింది. నవ్వు ఆపుకుని అన్నీ వరసగా చెప్పాను. ఆమె పరీక్షించి రాసుకుని నిలబడింది. ఇద్దరు ఎగ్జామినర్లు వచ్చారు. ఒకరు వాళ్ళ ప్రొఫెసరు గారే. ఇంకొకరు వేరే ఊరినుంచి వచ్చిన పెద్దాయన, జుట్టంతా తెల్లగా ఉంది. హారిక ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. నాకంతా అర్థమవుతోంది. ఆమె నేర్పిన మాటలే కదా. బడిలో మన పిల్ల పద్యం చెప్తుంటే కూర్చున్నట్టు కూర్చున్నాను.

పెద్దాయన అడిగారు, ఈ రోగికి ఏం చేస్తావు అని. కవాటం మార్పిస్తాను సార్ అంది. ఎప్పుడు అన్నారు.

హారిక తడుముకోలేదు. ఇతనికి లక్షణాలు మొదలై చాలా కాలమైంది సార్, గుండె సాగిపోతోంది, ఆలస్యం చేయకూడదు, ఈపాటికే చేయవలసింది అంది.

ఆలస్యమైతే, అన్నారాయన.

తరవాత ఆపరేషన్ చేసినా గుండె కండరం మళ్ళీ మామూలు స్థితికి రాకపోవచ్చు సార్ అంది.

పెద్దాయన బాగుందన్నట్టు తలూపారు. ప్రొఫెసరు గారు కాగితంలో రాసుకున్నారు. లాకు వెనక నీరు ఎదురుతన్ని గట్టు జారిపోతున్న కాలవ నా కళ్ళ ముందు కదిలింది. ఆ బొమ్మ గీసింది ఆమే. గట్టు సంగతి మాత్రం నాకు చెప్పలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పడం ఆమెకి రాక కాదు. అంత బాగా చెప్పడం వచ్చినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, తెలుగులో అడిగారు. "ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకున్నారు బాబూ?"

హారిక నా వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు. ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండవచ్చు. తొందరేం లేదన్నారండి అంటే చాలు. ఆ మాట అనడానికి కోపం కూడా సరిపోయేంత ఉంది.

"డాక్టరమ్మగారు డేటు చూస్తున్నారండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆమె మీద జాలి కొంత. కోటు వేసుకున్నవాళ్ళ ముందు మంచివాడిగా ఉండాలనే అలవాటు అంతకంటే ఎక్కువ. పెద్దాయన, ఆలస్యం చేయకండి అని పక్క తెరలోకి వెళ్ళారు. నేను చొక్కా వేసుకుని బయటికి వచ్చేశాను.

ఆ రోజు నాతో వచ్చి బయట కూర్చున్న లలితకి, వంతెన మీద ఆటోలో జరిగిందంతా చెప్పాను. నేను ముందే చెప్పానుగా అంటుందనుకున్నాను. అనలేదు. కిందికి, నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. కొవ్వూరు వైపు దిగాక, "సత్తిబాబు వాళ్ళకి చెప్పారా?" అంది.

"వాళ్ళు రేపు కూడా ఆ పరీక్ష హాల్లోనే ఉంటారట. ఫోన్ చేస్తాను."

ఫోన్ చేయలేదు. ఆ సాయంత్రమంతా నాకు జరిగిన మోసాన్ని తిరగేసి మరగేసి చూసుకుంటూ కూర్చున్నాను. పూతరేకులు గుర్తొచ్చాయి. బాబాయ్ అన్న పిలుపు గుర్తొచ్చింది. వాళ్ళ నంబరు నా ఫోనులో ఉంది. నా బాధలో ఇంకొకరికి చోటు లేదు.

మర్నాడు సాయంత్రం హారికే ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, మీకు లెటరు రాయించానండి. విశాఖపట్నంలో నేనే మాట్లాడాను. వచ్చే వారం రమ్మన్నారు."

"నిన్న ఆ పెద్దాయనకి చెప్పిన జవాబు నాకెందుకు చెప్పలేదమ్మా?"



"కేసుల్ని పరీక్షల దాకా వదలొద్దన్నారండి. అవగానే నేనే పంపిద్దామనుకున్నాను. మీరు బాగానే ఉన్నారనుకున్నానండి. ఎప్పుడొచ్చినా నవ్వుతూనే ఉండేవారు. తగ్గిందనేవారు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాలనుకున్నానండి" అని ఏడ్చింది. నేను ఫోను పెట్టేయబోతుంటే, "గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి వెళ్ళి సత్తిబాబుకి పొద్దున్న పక్షవాతం వచ్చిందండి. కుడివైపు. మాట పడిపోయింది" అంది.

వైశాఖం, జ్యేష్ఠం

హారిక మాట్లాడబట్టే విశాఖపట్నంలో తొందరగా చేర్చుకున్నారు. అది కూడా రాయాలి. ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. మెలకువ వచ్చాక నోటిలో గొట్టం, దాహం. ఒక నర్సు దూదిని తడిపి పెదాల మీద అద్దుతూ, ఒక్క గుటక కూడా ఇవ్వలేను నాన్నా, తిట్టుకోండి నన్ను, అన్న మాట గుర్తుంది. బయట వరండాలో లలిత, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ మధ్య చాప వేసుకుని ఉంది. ఒకరి మనిషిని లోపలికి తీసుకెళ్తే అందరూ లేచి నిలబడేవారట. కొట్టు తలుపు తీసినా తీయకపోయినా పరవాలేదు, ఈయన కళ్ళు తెరిస్తే చాలనుకున్నానని తరవాత చెప్పింది.

నా భయం చావు గురించి కాదు. హారిక చెప్పిన జవాబు గురించే. మామూలు స్థితికి రాకపోవచ్చు అన్నది కదా.

ఇంటికి పంపేముందు సర్జన్ గారు కాగితాలు తిప్పుతూ, "ఇన్నాళ్ళూ ఎందుకాగారండీ?" అన్నారు. తెలియక, అన్నాను. అప్పటికీ నా నోట నిజం రాలేదు. కొత్త కవాటం బాగానే పనిచేస్తోందన్నారు. సాగిన గుండె కొంత తగ్గింది, మిగతాది తగ్గుతుందో లేదో చూడాలన్నారు. ఇప్పుడు తల ఊగడం లేదు. మెట్లు మాత్రం ఇంకా ఆగి ఆగి ఎక్కుతున్నాను.

మా వీధి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టాను. "అప్పుడే వెళ్ళమన్నానా?" అన్నారు. నిజమే, అన్నారు. ఎందుకు వెళ్ళాలో కూడా చెప్పి ఉంటే వెళ్ళేవాణ్ణేమో. ఒకరు చెప్పకుండా నిజం ఇచ్చారు, ఒకరు చక్కగా చెప్పి అబద్ధం ఇచ్చారు. ఎంచుకున్నది మాత్రం నేనే. నా గౌరవానికి ఏది బాగుంటే అది ఎంచుకున్నాను.

ఇది చదివేవాళ్ళలో జబ్బుతో ఉన్నవాళ్ళు ఉంటే, ఒక మాట. మీ డాక్టరు దగ్గర కూర్చుని వివరంగా చెప్తే సంతోషించండి, అది మీ హక్కు. కానీ చెప్పిన పద్ధతిని చూసి నమ్మేయకండి. ఆగమంటే, ఎవరి కోసం ఆగాలో అడగండి. ఆగితే నాకేమవుతుందని అడగండి. పీజీ పిల్లలు చదివేవాళ్ళు ఉంటే వాళ్ళకీ చెప్పాలని ఉంది, పరీక్షలో ఇచ్చే జవాబు ముందు మంచం మీదున్న మనిషికి ఇవ్వండి అని. వాళ్ళకి నేర్పే పెద్దలకి చెప్పగలిగే ధైర్యం నాకు ఇంకా లేదు.

ఆషాఢం

సత్తిబాబు ఇంటికి వెళ్ళడానికి ఇన్నాళ్ళు పట్టింది. కుట్టు మానాలని వంక పెట్టాను. మానింది. లలిత వెంట వచ్చింది. కొత్త నీరు వచ్చి గోదావరి ఎర్రగా ఉంది. ఆటో గట్టు రోడ్డు మీద మెల్లగా పోనిమ్మన్నాం.

దుర్గ గుమ్మంలోకి ఎదురొచ్చింది. "ఇదిగో, మూర్తిగారొచ్చేరు. మనకి అన్నీ నేర్పించేరు కదా, ఆయనే" అని లోపలికి చెప్పింది. సత్తిబాబు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో వేరే ఎవరిదో పెట్టినట్టుంది. నన్ను చూసి నవ్వాడు. నవ్వు సగం ముఖంలోనే వచ్చింది. రండి అనడానికి రెండుసార్లు ప్రయత్నించి, రెండోసారి అన్నాడు. దుర్గ కాఫీలు తెచ్చింది. మీరు పెద్ద ఆపరేషన్ చేయించుకుని కూడా మమ్మల్ని గుర్తుపెట్టుకుని వచ్చేరండి, అంది. బయల్దేరేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో అనుకున్నవన్నీ ఆ మాటతో పోయాయి.

కాఫీ ముట్టుకోకుండా చెప్పాను. పరీక్షల కోసం ఆపారని చెప్పాను. వాళ్ళ తరఫున మిమ్మల్ని ఆపింది నేనని చెప్పాను. ఆగితే ప్రమాదమని ఆ డాక్టరమ్మ నోటినుంచే విన్నాననీ, విని కూడా మీకు చెప్పకుండా వెళ్ళిపోయాననీ చెప్పాను. అప్పుడే బయల్దేరినా ఇది తప్పేదో లేదో తెలియదని డాక్టర్లు అంటారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. దాని చాటుకి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు.

దుర్గ కోప్పడుతుందనుకున్నాను. ఆలోచిస్తున్నట్టు అడిగింది. "మీకెప్పుడు తెలిసిందండీ?"

"పరీక్ష మొదటి రోజు. పొద్దున్నే."

"ఆ రోజు మేం సాయంత్రం దాకా ఆ హాల్లోనే ఉన్నాం కదండీ" అంది. "మీరు వెళ్ళేటప్పుడు నా వైపు చూసి చెయ్యి ఊపేరు కూడా."

నాకు గుర్తు లేదు. ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరినీ చూడకుండా బయటికి వచ్చాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఊపి ఉంటాను. అలవాటు కదా.

లలిత తల దించుకుంది. సత్తిబాబు మంచం పట్టె మీద ఎడమచేత్తో గీతలు గీస్తున్నాడు. దుర్గ కాఫీ గ్లాసులు తీసి పక్కన పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆయనకి ఇంకా ఆ బుడగ వెయ్యలేదండి. ఎక్కడికి తీసుకెళ్ళాలో మాకు చెప్పేవాళ్ళు లేరు. ఆ ఆసుపత్రికి నేనెళ్ళను. మీరు చేయించుకుని వచ్చేరు కదా, చెప్పండి. ఈసారి మాత్రం ఏం కాదు అనకండి."

చెప్పాను. విశాఖపట్నంలో ఎక్కడ, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి అన్నీ చెప్పాను. పక్షవాతం వచ్చినవాళ్ళకి వెంటనే చేస్తారో, ఆగమంటారో నాకు తెలియదన్నాను. ఆగమంటే ఎందుకో అక్కడే, వాళ్ళ ఎదుటే అడగాలన్నాను. మాట వస్తుందా అని అడిగింది. తెలియదన్నాను. చెయ్యి? అదీ తెలియదన్నాను. మీతో నేనూ వస్తానన్నాను.

అంతా విన్నాక, మొదటినుంచి మళ్ళీ చెప్పమంది. ముందు చెప్పినట్టే చెప్తానో లేదో చూస్తోందని అర్థమైంది. మళ్ళీ మొదలుపెట్టాను. సత్తిబాబు గీతలు గీయడం ఆపేశాడు. నేను చెప్తున్నంతసేపూ నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.